కృష్ణానగర్ బీటు ఎవరిది?

ఫిలింనగర్‌లో కొబ్బరికాయ కొట్టినా వార్తే, టీజర్ వదిలినా వార్తే. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని సినీ కార్మికుల ఫెడరేషన్ పట్టుబట్టడంతో షూటింగులు రెండు వారాలకు పైగా ఆగిపోయాయి. చివరికి మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం దగ్గర రాజీ కుదిరింది. అన్నాళ్లూ మనం ఎక్కువగా చదివింది ఏ పెద్ద సినిమా షెడ్యూలు వెనక్కి పోయిందన్నదే. జూబ్లీహిల్స్ దిగి కృష్ణానగర్‌కు వెళ్తే అద్దె గదుల్లో ఉండే లైట్‌మన్‌కు ఆ పెంపులో చేతికొచ్చేదెంత, నెలలో పని దొరికేది ఎన్ని రోజులు, రోజు ఖర్చులకిచ్చే బేటా ఎప్పుడు ముడుతుంది? రాసినవాళ్లు లేకపోలేదు, తక్కువ. విలేకరి బద్ధకస్తుడని కాదు. సినిమా పేజీ బతికేది ప్రకటనల మీద, హీరో ఇచ్చే ఇంటర్వ్యూ మీద. రేపు ఆ ఇంటర్వ్యూ కావలసినవాడు ఇవాళ బకాయిల సంగతి ఏ గొంతుతో అడుగుతాడు? ఆ మొహమాటం లేనివాళ్లు జర్నలిజం విద్యార్థులు. ఉస్మానియాలో 1954 నుంచీ జర్నలిజం శాఖ ఉంది, గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ విభాగం ఉంది. విద్యార్థులు తెచ్చే క్యాంపస్ పత్రిక, అంటే ల్యాబ్ జర్నల్‌లో సెమినార్ల వార్తలు కాస్త తగ్గించి, కృష్ణానగర్‌ను వాళ్లకు బీటుగా అప్పగించాలన్నది నా వాదన.

అక్కడ పని చాలా మిగిలి ఉంది. 2018 ఏప్రిల్‌లో అవకాశాల పేరుతో జరిగే లైంగిక దోపిడీపై ఫిలిం ఛాంబర్ ఎదుట నటి శ్రీరెడ్డి చేసిన నిరసనను ఛానెళ్లు తిప్పి తిప్పి చూపించాయి. ఆ వెనకే జూనియర్ ఆర్టిస్టులు బయటికొచ్చి తమను వేధించినవాళ్ల గురించి చెప్పుకున్న మాటలకు అంత చోటు దొరకలేదు. సినీరంగంలో లైంగిక వేధింపులపై 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది, 2022లో నివేదిక అందింది. 2024 ఆగస్టులో మలయాళ సినీరంగంలో మహిళల పరిస్థితిపై కేరళ హేమ కమిటీ ఇచ్చిన నివేదిక వెలుగు చూశాక, మనదీ బయటపెట్టండని నటి సమంత అడగాల్సి వచ్చింది. కేరళ నివేదిక మాత్రం ఊరికే బయటపడిందా? 2019 డిసెంబరులో చేతికందిన దాన్ని అక్కడి సర్కారు నాలుగేళ్లకు పైగా తొక్కిపెట్టింది. కదిలించింది విలేకరుల సమాచార హక్కు దరఖాస్తులు, వాటి మీద సమాచార కమిషన్ ఇచ్చిన ఆదేశం. ఆ దరఖాస్తు పెట్టడానికి అక్రెడిటేషన్ కార్డు అక్కర్లేదు, పది రూపాయలు చాలు. ఆ మాటకొస్తే మన రాజ్యాంగం పత్రికలకంటూ విడిగా హక్కేమీ రాయలేదు. పౌరుడికున్న భావప్రకటన స్వేచ్ఛే సంపాదకుడికీ, సెకండియర్ విద్యార్థికీ.

అనుభవం లేని పిల్లలు బాధితుల ఆనవాళ్లు బయటపెడతారని ఒక అభ్యంతరం. 2022లో జూబ్లీహిల్స్ మైనర్ బాలికపై అత్యాచారం కేసులో ప్రెస్‌మీట్ పెట్టి ఫొటోలు, వీడియో చూపించి కేసు ఎదుర్కొన్నది ఒక శాసనసభ్యుడు. వయసుతో వచ్చే జాగ్రత్త కాదది, నేర్పితే వచ్చేది. సరిచూసుకోకుండా రాస్తారన్న రెండో అభ్యంతరంలో కొంత నిజముంది. 2025 మార్చి ఆఖర్లో కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి భూముల్లో చెట్లు తొలగించడానికి బుల్డోజర్లు దిగినప్పుడు విద్యార్థుల ఫోన్లే దేశానికి ఆ దృశ్యాలు చూపించాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అదే వారంలో ఏఐతో చేసిన జింకలు, నెమళ్ల బొమ్మలు కూడా ఊరంతా తిరిగి, అసలు వీడియోలను కూడా శంకించే వీలు ప్రభుత్వానికిచ్చాయి. ప్రతి ఫ్రేమూ ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారో అడిగే డెస్కు ఉంటే ఆ తేడా పాఠకుడికి తెలిసేది. క్యాంపస్ పత్రిక అంటే ఆ డెస్కే.

నేను తేలిగ్గా తోసెయ్యలేని అభ్యంతరం ఇంకొకటి. మాట్లాడిన జూనియర్ ఆర్టిస్టుకు మర్నాటి నుంచి ఫోన్ రాదు. విద్యార్థి సెమిస్టరు ముగించి వెళ్లిపోతాడు, ఆమె ఎక్కడికి పోతుంది? అందుకే ఈ బీటు మనుషుల దగ్గర కంటే కాగితాల దగ్గర మొదలవ్వాలి: వేతన ఒప్పందాలు, కార్మిక శాఖ ఫైళ్లు, ప్రభుత్వ జీవోలు. ఆమె చెప్పింది వాడుకోవాలా వద్దా అన్నది అచ్చుకు వెళ్లేదాకా ఆమె చేతిలోనే ఉండాలి. ఇక లీగల్ నోటీసు వస్తే అది ఇరవై ఏళ్ల కుర్రాడి హాస్టల్ గదికి కాక రిజిస్ట్రార్ టేబుల్ మీదికి వెళ్లాలి. ఆ పూచీకి ఏ వైస్ చాన్సలర్ సంతకం పెడతారో ముందు తేలాలి.