పరంగిమల మెట్లు



బంధువుల పెళ్ళికి చెన్నై వెళ్ళినప్పుడు, గిండీ దాటాక ఉన్న పరంగిమల ఎక్కాము. అపొస్తలుడైన తోమా ఇక్కడ హతసాక్షి అయ్యాడని పూర్వంనుండి చెప్పుకొంటారు. ఎత్తు సుమారు 300 అడుగులే. పైవరకు రోడ్డున్నా, మేము మెట్లదారి పట్టాము. మాతో పెద్దత్తయ్యగారు కూడా వచ్చారు.

సగం దూరంలో ఆమె మోకాలు పట్టుకొని కూర్చున్నారు. "మీరు పదండి నాయనా, నేను మెల్లగా వస్తాను" అన్నారు. పిల్లలు తొందరపెట్టారు. మేము వెళ్ళిపోయాము.

పైన 1523లో పోర్చుగీసువారు కట్టిన దేవాలయం ఉంది. (కతోలికులది. మనవారూ చాలామంది వస్తుంటారు.) గోడ దగ్గర నిలబడితే ఊరంతా చాప పరచినట్లుంది. మీనంబాకంలో దిగే విమానాలను పిల్లలు లెక్కపెడుతుంటే, మేమూ కాలం మరచిపోయాము.

ఆ మెట్లు 18వ శతాబ్దంలో పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియా వర్తకుడు తన సొమ్ముతో కట్టించాడు. 1726లో అడయారు నదిమీద పాత వంతెన కట్టించినదీ ఆయనే. పరదేశి అయ్యుండి, ముఖమైనా ఎరుగని యాత్రికుల కాళ్ళ కష్టం తలచుకొన్నాడు. మేమో, ఇంటి మనిషిని మెట్లమీద విడిచి వచ్చాము!

గబగబా దిగాము. అత్తయ్యగారు అక్కడే ఉన్నారు. "పిల్లలకు విమానాలు కనబడ్డాయా?" అని అడిగారు. మాకు మాట రాలేదు. మెల్లగా కిందికి దించి, ఆటోలో రోడ్డుదారిన పైకి తీసుకువెళ్ళాము. అప్పటికే దేవాలయం తలుపులు మూస్తున్నారు. ఆమె గోడ పట్టుకొని, ఊళ్ళో ఒక్కొక్కటిగా వెలుగుతున్న దీపాలను చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. ఈసారి మేము తొందరపెట్టలేదు.