రోదసిలో రాబిన్సన్ కుటుంబం

కల్పిత కథలు పిల్లలకు చూపవచ్చునా అన్న ప్రశ్న మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. కల్పన అని అందరికీ తెలిసినదానిని అబద్ధమనలేము. మా సందేహం వేరొక చోట ఉంది.

1965లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన ‘లాస్ట్ ఇన్ స్పేస్’ను తీసుకుందాం. తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలు గల రాబిన్సన్ కుటుంబం 1997లో ఆల్ఫా సెంటారీకి బయలుదేరి దారి తప్పుతుంది. దీనికి మూలం స్విట్జర్లాండ్ పాదరీ యోహాన్ డేవిడ్ వైస్ తన కుమారుల కోసం అల్లిన, 1812లో అచ్చయిన ద్వీప కథ. ఆ ఒక్క దీవిలోనే పెంగ్విన్లు, కంగారూలు, కోతులు కనిపిస్తాయి!

దీవి గ్రహమయింది, ఓడ ‘జూపిటర్-2’ అయింది. అలవాటు మాత్రం మారలేదు. దిగిన గ్రహంపై గాలి హాయిగా పీల్చుకోవచ్చు, ఎదురైన పరగ్రహవాసి ఇంగ్లీషు మాట్లాడతాడు. వీటిని మేము మన్నిస్తాము. హెల్మెట్లలో దాగిన ముఖాలతో ఇంటిల్లిపాది కథ ఎంతసేపు సాగగలదు?

దూరం విషయంలో మాత్రం మన్నించలేము. ఆల్ఫా సెంటారీ నుండి వెలుతురు మనల్ని చేరడానికే 4 సంవత్సరాలకు పైగా పడుతుంది. సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్-1కు అంత దూరం సాగడానికి 70 వేల సంవత్సరాలు దాటుతాయి. భూమ్యాకాశాల సృష్టిని గురించి ఆలోచించమని దివ్య ఖుర్ఆన్ పదేపదే పిలుస్తున్నది. ఆ విస్తృతిని పక్క వీధిలా చూపే కథ, పిల్లవాడికి దక్కవలసిన ఆశ్చర్యాన్ని దక్కనివ్వదు.

అందుకే ఎపిసోడ్ ముగిశాక మా ఇంట కాగితం, పెన్సిలు బయటికి వస్తాయి. మొన్న 41 పక్కన 12 సున్నాలు వేసి కిలోమీటర్లు లెక్కగట్టిన మా చిన్నవాడు తలెత్తి, “అబ్బాజాన్, మరి వాళ్లు తిండి ఎంత పట్టుకెళ్లారు?” అని అడిగాడు.