యంత్రానికి మనసిచ్చాడు!

హిప్‌హాప్ అంటే ఉత్త హోరేగా... అనేవాళ్లకి ఆ సంగీతం అభిమానులు ముందుగా వినిపించేది జె డిల్లా బాణీలే! అసలు పేరు జేమ్స్ యాన్సీ. ఊరు అమెరికాలోని డెట్రాయిట్. పాత సోల్ పాటల రికార్డుల్లోంచి చిన్నచిన్న ముక్కలు తీసి కొత్త బాణీలు కట్టేవాడు. దరువుని లెక్కప్రకారం సరిచేసే ఏర్పాటు యంత్రంలో ఉన్నా తరచూ దాన్ని పక్కనపెట్టి, వేళ్లతోనే వాయించేవాడు. దెబ్బ కాస్త ముందో వెనకో పడితే అలాగే ఉంచేవాడు. యంత్రం పలికినా మనిషి వాయించినట్టే ఉంటుందని అభిమానులు మురిసిపోయేది అందుకే.

జబ్బు కుంగదీసినా 2005లో చక్రాల కుర్చీలోనే యూరప్ వెళ్లి ప్రదర్శనలిచ్చాడు. 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజున, 31 బాణీల 'డోనట్స్' ఆల్బమ్ విడుదలైంది. మూడు రోజులకే కన్నుమూశాడు. అతని వేళ్లు ఆడిన ఎంపీసీ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ దరువు మాత్రం అభిమానుల చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది!