గోడలను కప్పిన గుడ్డ

లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మరమగ్గాల మీద బతుకు నేసుకుంటున్న మన సూరత్ తెలుగువాళ్లకు ఈ నెల ఒక పాత సినిమా గురించి చెప్పాలనిపించింది. 2000లో వచ్చిన ‘ది సెల్’. జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్ తొలి చిత్రం.

ఆడవాళ్లను గాజు గదిలో బంధించి, నీళ్లు నింపి చంపే హంతకుడు కోమాలోకి జారిపోతాడు. చివరిగా చిక్కిన అమ్మాయి జాడ తెలియాలంటే అతని మనసులోకి దిగాలి. జెన్నిఫర్ లోపెజ్ పాత్ర దిగుతుంది.

అక్కడ అతను రాజు. సింహాసనం దిగి వస్తుంటే గోడలను కప్పిన ఊదారంగు బట్టంతా అతని వెనకే జారుతూ వస్తుంది. ఆ గోడల తెరలే అతని వస్త్రం! ‘డ్రాకులా’కు ఆస్కార్ అందుకున్న జపాన్ కళాకారిణి ఎయికో ఇషియోకా ఈ చిత్రానికీ దుస్తులు రూపొందించింది. బట్ట బరువు, జారుడు చేతులతో ఎరిగిన మీకు ఆ దృశ్యం విమర్శకులకన్నా బాగా అర్థమవుతుంది.

ఆ మనసులోనే తండ్రి దెబ్బలకు బెదిరిన పిల్లవాడూ ఉంటాడు. 1978లో భారతీరాజా తీసిన, తెలుగులో ‘ఎర్ర గులాబీలు’గా వచ్చిన తమిళ చిత్రం కూడా హంతకుడి బాల్యాన్ని తవ్వింది. అయితే రెండు సినిమాలూ చంపేవాడి గతానికి ఇచ్చినంత చోటు చచ్చిపోయిన ఆడవాళ్లకు ఇవ్వలేదు. నన్ను కలచివేసేది అదే. ఈ సంచికలోని వ్యాసాలను ‘చచ్చిపోయిన ఆడవాళ్లకు చోటెక్కడ?’ అన్న ప్రశ్నతోనే చదవమని కోరుతున్నాను.