కట్టప్ప ఇచ్చిన సమస్య

‘బాహుబలి’ సినిమాలో కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్నకు జవాబు 2017 ఏప్రిల్ 28న థియేటర్లలో దొరికింది. అంతకు ముందు, మొదటి భాగం విడుదలైన 2015 జులై 10 నుంచి దాదాపు 22 నెలల పాటు, ఆ జవాబును తెలుగువాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నారు. మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్లలో, గచ్చిబౌలి హాస్టళ్లలో, రాయదుర్గం టీ బళ్ల దగ్గర థియరీల మీద థియరీలు అల్లారు. పనిలేని కాలక్షేపమని అప్పుడు కొట్టిపారేసినవాళ్లు ‘కల్కి’ రెండో భాగం గురించి సాగే చర్చల్ని చూసి ఇప్పుడూ అదే మాట అంటున్నారు. ఆ మాట సరికాదు. ఈ అలవాటు మనకు బయటి నుంచి వచ్చింది కాదు. అవధాన సభల్లో మనం తరతరాలుగా గౌరవిస్తున్న సమస్యాపూరణానికి ఇది దగ్గరి చుట్టం.

అవధానంలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఇచ్చే సమస్య పైకి అసంబద్ధంగా ఉంటుంది. ఇదెలా కుదురుతుందని సభ ఉలిక్కిపడుతుంది. అవధాని ఆ పాదంలో ఒక్క అక్షరం కదపకూడదు, ఛందస్సు తప్పకూడదు. మిగతా పాదాలు కట్టి, అంతసేపూ తప్పుగా వినిపించిన మాటే న్యాయమనిపించాలి. ప్రాణంగా చూసుకున్న బాహుబలిని కట్టప్ప వెనక నుంచి పొడవడం అలాంటి పాదమే. చనిపోయింది బాహుబలి కాదేమో, అదంతా నాటకమేమో అన్న ఊహలు సమస్యను పూరించలేదు, పాదాన్నే మార్చేశాయి. కథలో ఆధారమున్న దారి వేరే ఉంది. మొదటి భాగంలోనే ఆయుధాల వ్యాపారి అస్లాం ఖాన్ కట్టప్పకు బానిసత్వం నుంచి విముక్తి ఇప్పిస్తానంటాడు. తన పూర్వీకులు సింహాసనానికి ఇచ్చిన మాట ఉందని కట్టప్ప వద్దంటాడు. ఆ సన్నివేశం గుర్తున్నవాళ్లకు సగం జవాబు అక్కడే ఉంది. ప్రేమకు మించిన ఆజ్ఞ ఏదో సింహాసనం వైపు నుంచి వచ్చి ఉండాలి. రెండో భాగంలో అది రాజమాత శివగామి నోట వచ్చింది. ఆమె భర్త బిజ్జలదేవుడి కుట్ర వివరాలు ముందే పసిగట్టడం గొప్ప కాదు. కట్టప్ప స్వభావం చెదరకుండా అతని చేత కత్తి దూయించగల కారణాన్ని వెతకడం గొప్ప.

పేరు మార్చుకుని తిరిగే వీరుడి విషయంలో ఈ విద్య మరీ పాతది. తిక్కన భారత రచనకు పూనుకున్నదే విరాటపర్వంతో. అక్కడ ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల. వినేవాళ్లకు తెలిసిన సంగతి విరాటుడికి తెలియదు. అరణ్యపర్వంలోని నలుడి కథలో అయితే థియరీ కట్టేది దమయంతే. రూపం మారి, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉన్న భర్తను ఆమె చూపుతో పోల్చుకోలేదు. నలుడికి మాత్రమే గుచ్చుకునే మాటలు ఊరూరా పంపి జవాబు రాబట్టింది. రథధ్వనిలో అతని చేతి నేర్పు విన్నది. కేశినిని పంపి అతని నడవడి కనిపెట్టింది. చివరికి అతను వండిన మాంసం తెప్పించుకుని రుచి చూసింది. ఏ ఒక్క ఆధారమూ విడిగా చాలదు. అన్నీ ఒకే మనిషిని చూపిస్తున్నప్పుడు ఎదుటి రూపాన్ని నమ్మనక్కర్లేదని ఆమె తేల్చుకుంది. ఇంతకంటే శుభ్రమైన తర్కం ఏ అభిమాని దగ్గరా దొరకదు. ‘బాహుబలి’ కూడా ఈ బాటలోనే నడిచింది. ప్రవాహంలో మునిగిపోతూ శివగామి, చనిపోయిన బాహుబలి కొడుకైన పసిబిడ్డను పైకెత్తి మహేంద్ర బాహుబలి బతకాలని కోరుకుంటుంది. ఆ పేరు సినిమా మొదట్లోనే మన చెవిన పడుతుంది. పెంచిన తల్లి సంగ పెట్టుకున్న శివుడు అన్న పేరుతో పెరిగిన కుర్రాడికి మాత్రం అది తెలియదు.

సైబరాబాద్‌లో ఇలాంటి కథలకు ఇంత ఆదరణ ఉండటం నాకు సహజంగానే తోస్తుంది. 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్ పొలిమేరకే హైటెక్ సిటీ అని ఇంకో పేరు స్థిరపడింది. పల్లెల నుంచి వచ్చినవాళ్ల పేర్లూ అలాగే మారాయి. ఊళ్లో ముందుండే ఇంటిపేరు కంపెనీ రికార్డులో వెనక్కి పోయింది. కాల్‌సెంటర్ల తొలి రోజుల్లో ఎందరో రాత్రి షిఫ్టులో పాశ్చాత్య పేర్లు పెట్టుకుని ఫోన్లు ఎత్తారు. పైగా ప్రోగ్రామ్ ఎక్కడ చెడిందో లాగ్‌లు తిరగేసి వెనక్కి వెనక్కి వెతకడం ఇక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల రోజువారీ పని. దమయంతి చేసింది వీళ్లకు పరాయిగా ఉండదు.

ఇదంతా నిర్మాతల ప్రచారానికి జనం చేసిన వెట్టి అనేవాళ్లున్నారు. ప్రచారానికి పనికొచ్చిన మాట నిజం. కానీ జవాబు మీద ఉత్కంఠ ఒక్కటే జనాన్ని కదిలించి ఉంటే, రెండు భాగాలనూ కలిపి 2025 అక్టోబర్ 31న ‘బాహుబలి: ది ఎపిక్’గా విడుదల చేసినప్పుడు హాళ్లు ఖాళీగా ఉండాలి. కట్టప్ప ఎందుకు చంపాడో అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా అందరికీ తెలుసు. అయినా జనం వచ్చారు. ఇంకో అభ్యంతరం మాత్రం బరువైనది. మన థియరీలు చాలావరకు పాత్రను వదిలి నటుణ్ణి పట్టుకుంటాయి. ఈ హీరో చనిపోతే అభిమానులు ఒప్పుకోరు కాబట్టి పాత్ర చనిపోదు అనడం పూరణ కాదు, బేరం. ఎన్టీఆర్ 1977లో ‘దాన వీర శూర కర్ణ’ తీసి కర్ణుడిగా తానే నేలకొరిగితే ఈ ప్రేక్షకులే నెత్తిన పెట్టుకున్నారు. అమరేంద్ర బాహుబలి చావునూ ఒప్పుకున్నారు. కథ అడిగిన చావును మనవాళ్లు కాదనలేదు.

2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ చివర్లో భైరవుడే కర్ణుడని దర్శకుడు నాగ్ అశ్విన్ చూపించాడు. వసుషేణుడు, రాధేయుడు అని పేర్ల మీద పేర్లు మోసినవాడికి ఇది ఇంకొకటి. రెండో భాగంలో ఏ తార కనిపిస్తాడన్న ఊహల మీద నాకు ఆసక్తి లేదు. భారతంలో యుద్ధానికి ముందు కృష్ణుడు అతని పుట్టుక రహస్యం విప్పినా కర్ణుడు తమ్ముళ్ల వైపు రాలేదు, దుర్యోధనుడి ఋణానికే కట్టుబడ్డాడు. భైరవుడికి కాంప్లెక్స్‌లో చోటు దక్కితే చాలు, అందుకు యూనిట్లు కావాలి, ఇంకేదీ పట్టదు. ఎవరికీ ఏమీ బాకీ పడకుండా బతికే ఈ మనిషికి తాను కర్ణుడినని తెలిసిన రోజున, కల్కిగా పుట్టబోయే, సుమతి కడుపులోని బిడ్డ ముందు అతను ఎవరి ఋణం గుర్తు తెచ్చుకుంటాడు?