వీథికి తగిన వృక్షము

ఏటేట తొలకరి పడగానే మన పట్టణములలో మొక్కలు నాటు వేడుక యొకటి జరుగుచుండును. 1950వ సంవత్సరమున కేంద్రమంత్రి మున్షీగారు వనమహోత్సవమను పేర దేశమంతట దీనిని నెలకొల్పినది మొదలు ఇది మన కొక ఆచారమైనది. 2015 జూలై 3వ తేదీని చిలుకూరులో తెలంగాణ ప్రభుత్వమువారు హరితహారమును ప్రారంభించినపుడు నాటదలచిన మొక్కలు 230 కోట్లని ప్రకటించిరి. సంఖ్యలకు మనకు కొదువ లేదు. ఎన్ని నాటితిరని యడిగినచో లెక్క చెప్పగల యుద్యోగులు ప్రతి కార్యాలయమునందును గలరు. ఏ చెట్టు నాటితిరి, ఆ వీథిలో ఆ చెట్టునే యేల నాటితిరి, అని యడిగినచో మాత్రము వారు ఒకరి మొగము నొకరు చూచుకొందురు. నర్సరీలో ఏది సిద్ధముగా నున్నదో, గుత్తదారునకు ఏది చౌకగా దొరకునో, ఏది ఆరు మాసములలో ఎదిగి పచ్చగా కనబడునో, అదియే వీథి కెక్కుచున్నది. ఈ పద్ధతి మాఱవలెనని మేము కోరుచున్నాము.

ఇంతకును వీథిచెట్టు ఎవరికొఱకు? ఇది తేలినగాని యే చెట్టు తగునో తేలదు. తోటలు గల మేడలవారికి వీథిచెట్టుతో పని లేదు. అద్దములు బిగించుకొని చల్లని గాలిలో పోవు కారులవారికిని దానితో పని స్వల్పము. పని యంతయు కాలినడకవానిది. మిట్టమధ్యాహ్నము గంప నెత్తిన బెట్టుకొని పోవు కూరగాయల యామెది, తోపుడుబండివానిది, బస్సునకై నిలిచిన వృద్ధునిది, పరీక్ష వ్రాసి యింటికి మరలు పిల్లవానిది. చెప్పులు కుట్టువాని దుకాణము చెట్టు. సైకిలు బాగుచేయువాని దుకాణము చెట్టు. ఆటోలు నిలుచు తావును చెట్టే. కక్షిదారులు లేని న్యాయవాదిని చెట్టుక్రింది ప్లీడరని మనవారు పరిహసించిరి గాని, ఆ ప్లీడరునకు సైతము నీడ నిచ్చు చెట్టొకటి కచ్చేరి యావరణలో నుండెడిది గదా! 2015వ సంవత్సరము మే మాసమున రెండు తెలుగు రాష్ట్రములలోను గలిపి వేయిమందికి పైగా వడదెబ్బకు మరణించినట్లు ప్రభుత్వపు లెక్కలే తెలిపినవి. ఎండలో పనిచేయక గడవనివారును, వృద్ధులును వారిలో పెక్కురు. ఇట్టి దేశమున నీడ యనునది విలాసము కాదు. త్రాగునీటివలెనే కనీసపు టవసరము. కావున వీథిచెట్టునకు మొదటి పరీక్ష యిది: మే నెలలో మధ్యాహ్నము రెండు గంటలవేళ దానిక్రింద మనుష్యుడు నిలువగలడా?

ఈ పరీక్ష మేము క్రొత్తగా కల్పించినది కాదు. కర్నూలు జిల్లాలో గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి కొండరాళ్లపై అశోకుని ధర్మశాసనములు నేటికిని నిలిచి యున్నవి. వానిలో రెండవ శాసనము బాటల వెంబడి బావులు త్రవ్వించుటను, చెట్లు నాటించుటను పేర్కొనుచు, ఇవి పశువులయు మనుష్యులయు నుపయోగమునకని స్పష్టముగా చెప్పుచున్నది. నేడు ఢిల్లీలో నున్న యొక స్తంభముపై ఆ చెట్టు మఱ్ఱి యనియు, నాటినది నీడకొఱకనియు గూడ చెప్పబడినది. ఇరువది రెండు శతాబ్దములకు పూర్వపు పాలకుడు చెట్టు పేరును, అది యెవరికొఱకో, దేనికొఱకో ఆ సంగతియును రాతిపై చెక్కించినాడు. మన పురపాలక తీర్మానములలో మొక్కల సంఖ్యయు, మంజూరైన రూపాయలును మాత్రమే కనబడును!

ఆ పరీక్షతో మన వీథులను చూతము. పెద్ద నగరములలో రాజమార్గముల నడుమ రాయల్ పామ్ చెట్లు వరుసగా నిలిపినారు. చూచుటకు ఠీవిగానే యుండును. దీపస్తంభ మిచ్చు నీడకును దాని నీడకును భేద మల్పము. నిటారుగా పెరిగి కొమ్మలు క్రిందికి వ్రేలు నరమామిడి మఱియొకటి. దీనినే జనులు అశోకమనుచున్నారు. సీతమ్మ కూర్చున్న యశోకము వేఱు, అది నేడు పట్టణములలో కనబడుట యరుదు. ప్రహరీగోడ ప్రక్కన తెరవలె నుండుటకు నరమామిడి చక్కని చెట్టు. బాటసారికి మాత్రము దానివలన ఫలము లేదు. తురాయి సంగతి వేఱు. మడగాస్కరునుండి వచ్చిన యీ చెట్టు ఎఱ్ఱని పూవులతో వేసవిలో కన్నుల పండువుగా నుండును గాని, ఎండ ముదిరి మనకు ఆకు కావలసిన దినములలోనే అది యాకు రాల్చి నిలుచును. గాలివానకు త్వరగా కొమ్మలు విఱుగును. మన యడవులలోని రేలయు నిట్టిదే. దాని బంగారు గుత్తులపై మాకు మక్కువ లేకపోలేదు. ఉద్యానవనములో ఎన్ని నాటినను మే మడ్డు చెప్పము.

ఇక కోనోకార్పస్. సోమాలియా, యెమెన్ తీరముల యెడారి చెట్టిది. నీరు తక్కువైనను బ్రదుకును, మేకలు ముట్టవు, ఏడాది పొడవున పచ్చగా నుండును, కత్తిరించినకొలది గోడవలె పెరుగును. ఉద్యోగి కింతకంటె నేమి కావలెను? పది సంవత్సరములలోపల మన పట్టణముల రహదారుల నడిమి గట్టులన్నియు దీనితో నిండినవి. పిదప తెలిసినదేమనగా, దీని వేళ్లు నీటి గొట్టములను, మురుగు కాలువలను వెదకికొని పోవును. పుప్పొడి కొందఱికి ఉబ్బసమును రేపును. పక్షులకును పశువులకును దీనివలన ప్రయోజనము మిక్కిలి స్వల్పము. గుజరాతువారు 2023లో దీని నాటకమును నిషేధించిరి. 2025లో తమిళనాడువా రాపని చేసిరి. తెలంగాణమున హరితహారములో ముందు ఉత్సాహముతో నాటినదానినే పిమ్మట వలదనిరి. ప్రజల ధనముతో నాటి, ప్రజల ధనముతోనే నఱకుట! మొదటనే తెలిసినవారి నొక్కమాట యడిగియుండిన నీ రెండు వ్యయములును తప్పియుండెడివి.

పరదేశపు చెట్టగుటచేతనే మేము దీనిని నిరసించుచున్నామని యెవరైన తలంతురేమో, అది కాదు. తరతరములుగా మన పులుసునకు పులుపు పోసిన చింతయే యాఫ్రికానుండి ప్రాచీనకాలమున వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నిద్రగన్నేరు అమెరికా ఖండపుది. గొడుగువలె విశాలమైన నీడ నిచ్చుచు మన రైలుస్టేషనుల ముందును, కచ్చేరుల ముందును ఎందఱిని ఆదరించినదో! మఱి యేడాకుల పాల మన దేశపు చెట్టే. విశాఖపట్టణమునకు 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను చేసిన యపకారము తెలుగువారు మఱవలేరు. ఒక్క దినములో నగరపు పచ్చదన మంతయు నేలగూలినది. పిమ్మట త్వరపడి చేసిన నాటకములలో నీ యేడాకుల పాల విశేషముగా చోటు చేసికొన్నది. అది శరత్కాలమున పూచును. ఒక చెట్టు పూచిన ఊరికి పరిమళము. వీథి పొడుగున వందలు పూచినచో ఊపిరి యాడనివారికి బాధ. కావున చెట్టు పుట్టిన దేశమును జూచుట చాలదు. దాని గుణమును, మన వీథిని, మన యెండను జూడవలెను.

అట్లు చూచినచో మొదట చెప్పవలసినది కానుగ. దీనికి రావలసినంత పేరు రాలేదు. ఏటి గట్టున, చవుడు నేలను, రేగడిలో, ఎఱ్ఱనేలలో ఎచ్చటనైనను పెరుగును. వేసవికి ముందు కొలదిదినములు మాత్రమే యాకు రాల్చి, ఎండలు ముదురునప్పటికి మెఱయు లేత చిగురుతో నిండి నిలుచును. నీడ దట్టము, ఎత్తు మితము, వేళ్లు లోతునకు దిగును. గింజల నూనె మన పూర్వులకు దీపము వెలిగించినది, ఆకు పొలమునకు ఎరువైనది. వేపయు నిట్లే మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చి యుగాదినాటికి పూతతో, క్రొత్త ఆకుతో సిద్ధమగును. మన యెండల పంచాంగ మెఱిగిన చెట్లివి. విశాలమైన బాటలకు చింత, రావి, నేరేడు తగును. చింత కొమ్మ గాలికి సులభముగా విఱుగదు. తాలూకా బోర్డుల కాలమున బాట ప్రక్కల చింతల కాపును వేలము వేసి బోర్డులు రాబడి గూడ పొందెడివి. నేరేడుపండ్లు రాలి మోటారుసైకిళ్లు జాఱునను మాట నిజమే. దానిని రహదారి యంచున గాక కాలిబాటకు లోపల నాటవలెను. ఇఱుకు వీథులకు పొగడ యున్నది. నిదానముగా నెదుగునని గుత్తదారులు దానిని విడిచిపెట్టుదురు. విద్యుత్తీగల క్రింద నైనచో పారిజాతము, దేవకాంచనము వంటి పొట్టి చెట్లే నాటవలెను. తీగక్రింద రావిని నాటి యేటేట దాని తల నఱకుట చెట్టునకును శిక్ష, ప్రజలకును నష్టము.

మఱ్ఱి మాట యేమి యందురా? నలుబది యడుగుల వీథికి మఱ్ఱి తగదు. ఊరు దాటినపిమ్మట దానికి సాటి లేదు. హైదరాబాదునుండి బీజాపురము పోవు పాతబాటలో చేవెళ్ల ప్రాంతమున నిజాముల కాలమునాటి మఱ్ఱిచెట్లు తొమ్మిదివందల వఱకు రెండు ప్రక్కలను గొడుగు పట్టినట్లుండుట ప్రసిద్ధము. బాటను వెడల్పు చేయదలచినపుడు వానికొఱకు పౌరులు జాతీయ హరిత న్యాయస్థానము దాక పోయిరి. నాటినవాడు తగిన చెట్టును తగినచోట నాటినందున, వానిని రక్షించుటకు మూడు నాలుగు తరముల తరువాత జనము లేచినది. కోనోకార్పస్ కొఱకు ఎవరైన న్యాయస్థానమునకు పోవుదురా?

ఇంతమాత్రముచేత వీథులన్నింటను కానుగనో వేపనో మాత్రమే నాటుడని మే మనుటలేదు. 2021లో తెలంగాణమున వేపచెట్లు పైకొమ్మలనుండి మాడిపోవుట జూచి జనులు భయపడిరి. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము దానికి కారణమని వ్యవసాయశాస్త్రజ్ఞులు తేల్చిరి. పెక్కుచెట్లు మరల చిగిర్చినవి. అది మన యదృష్టము. అమెరికా పట్టణముల కీ యదృష్టము లేకపోయెను. వీథులన్నింటను ఎల్మ్ చెట్టునే నాటుకొన్న యూళ్లు, తెగులు వచ్చినప్పుడు వీథులకు వీథులే పోగొట్టుకొన్నవి. ఆ యనుభవముమీదనే ఫ్రాంక్ సాంటమోర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1990లో నొక లెక్క చెప్పెను: పట్టణపు చెట్లలో ఒకే రకము నూటికి పదిని, ఒకే ప్రజాతి యిరువదిని, ఒకే కుటుంబము ముప్పదిని మించరాదు. మన పట్టణములలో నెవరును ఈ లెక్క వేసినట్లు కనబడదు. వీథి కొక చెట్టు చొప్పున, ఇరువది వీథులకు పదిపండ్రెండు రకములు నాటినచో చాలును. వీథికి వీథికి పోలికయు తెలియును. కానుగల వీథి, పొగడల వీథి యని పిల్లలు పేర్లు పెట్టుకొందురు.

ఎంపిక యెంత చక్కనిదైనను కాలిబాట వేయువారు దానిని చెఱుపగలరు. మొదలు చుట్టును సిమెంటు పోసి బిగించుట మన పట్టణముల వాడుక. వేరునకు గాలి యాడదు, వాననీరు దిగదు. వేరు లోతునకు పోజాలక పైపైనే తిరుగును. గాలివాన వచ్చినపుడు చెట్టు పెల్లగిలి కారుపై పడును. అంతట చెట్టుదే తప్పని పత్రికలలో పడును. ఢిల్లీలో చెట్టు చుట్టును మీటరు మేర సిమెంటు తొలగింపవలెనని 2013లోనే జాతీయ హరిత న్యాయస్థానము ఆజ్ఞాపించినది. మనవా రొకరు చెప్పువఱకు ఆగనేల? అనుమతి లేక చెట్టు కొట్టరాదని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము మనకున్నది. కొట్టుటకు చట్ట మడ్డు వచ్చును గాని, ఊపిరాడకుండ చంపుట కేదియు నడ్డు వచ్చుట లేదు.

పఠనమందిరములలో ఈ పత్రిక చదువు పౌరులతో మా మనవి యొక్కటి. తమ వార్డున మొక్కలు నాటుట కింకను దినములుండగనే పురపాలక కార్యాలయమునకు నలుగురు గలిసి పోయి, మా వీథి వెడల్పెంత, మీద తీగ యున్నదా, క్రింద గొట్టమున్నదా, నేల యెట్టిది, ఏ చెట్టు నిర్ణయించినారు, అని వ్రాతమూలముగా నడుగవలెను. గుత్తదారునకు సొమ్ము మొక్క నాటిననాడు గాక మూడవ వేసవి దాటి నిలిచిన మొక్కనుబట్టి చెల్లింపవలెనని పట్టుబట్టవలెను. మనిషి యెత్తునకు మించిన మొక్క, మూడడుగుల గోయి, మేకకందని కంచె, మొదటి రెండు వేసవులు ట్యాంకరు నీరు: వీనికి ఎంత వ్యయమగునో సభలో చదివి వినిపింపుమని తమ ప్రతినిధిని కోరవలెను. ప్రారంభోత్సవమునాడు వచ్చు పెద్దలకు వేయు షామియానా వ్యయమును ఆ ప్రక్కనే చదివించిన మఱియు మంచిది.