కాలు అడ్డం పెడితే ఆట మాన్పించాలి

కూతకొచ్చిన అమ్మాయి చీలమండను ఒడుపుగా పట్టి ఆపడం చెడుగుడులో ఓ విద్య. తన కాళ్లు రెండూ కత్తెరలా వేసి ఆమెను పడగొట్టడం మాత్రం తప్పు. కబడ్డీ నిబంధనల్లోనే ఆ మాట ఉంది. అయితే శిక్ష దగ్గరికొచ్చేసరికి హెచ్చరించాలా, పాయింటు ఇవ్వాలా, బయటికి పంపాలా అన్నది రిఫరీ ఇష్టం. ఇలాంటి ప్రమాదకరమైన తప్పుకు తర్వాతి మ్యాచ్ ఆడకుండా నిషేధం తనంతట తానే పడాలని నేనంటాను.

"ఆటన్నాక దెబ్బలు తగలవా?" అంటారు. తగులుతాయి, కాదనను. కానీ మోకాట్లో లిగమెంటు తెగితే ఆపరేషను, ఆపైన నెలల తరబడి వ్యాయామాలు. పైగా ఒకే ఆట ఆడేవాళ్లలో ఈ గాయం మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువని వైద్యులు ఎప్పట్నుంచో చెబుతున్నారు. మగపిల్లాడు కట్టు విప్పగానే గ్రౌండుకు పోతాడు. మరి ఆడపిల్ల? "రేపు పెళ్లి కావాల్సిన పిల్ల, కాలు ఈడ్చుకుంటూ తిరిగితే ఎవరు చేసుకుంటారు?" అనే మాట బెజవాడలోనూ ఉంది, అవనిగడ్డలోనూ ఉంది. దాంతో ఆమె ఆట అటకెక్కుతుంది. కాలు అడ్డం పెట్టిన పిల్ల మాత్రం మర్నాడు మళ్లీ బరిలో ఉంటుంది. ఇదెక్కడి న్యాయం?

శిక్షను పెద్దల ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో కోట్లు కురిసే ఆటల్లోనూ చూశాం. అమెరికా, కెనడాల్లో మంచుమీద హాకీ ఆడతారు. వెనకనుంచి కాలు లాగి పడేసినందుకు 2021 నవంబరులో బ్రాడ్ మార్చాండ్‌ను మూడు మ్యాచ్‌లు ఆడనివ్వలేదు. అదే సీజన్లో అలాంటి పనికే పి.కె. సుబ్బన్‌కు జరిమానాతో సరిపెట్టారు. లక్షలు సంపాదించేవాడికి జరిమానా ఒక లెక్కా?

కావాలని చేయనివాళ్లు కూడా బలైపోరా అని అడగొచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్ గుర్తుందా? బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో మన అమిత్ రోహిదాస్ హాకీ స్టిక్ ప్రత్యర్థికి తగిలి రెడ్ కార్డు పడింది. పదిమందితోనే ఆడి మనవాళ్లు షూటౌట్లో గెలిచారు. కానీ జర్మనీతో సెమీఫైనల్‌కు అతన్ని ఆడనివ్వలేదు. అప్పీలు చేసినా వినలేదు. ఆ మ్యాచ్ 3-2తో ఓడిపోయాం. నాకూ మనసు చివుక్కుమంది. అయినా దెబ్బ తిన్నవాడికి ఎదుటివాడి ఉద్దేశం మందు కాదు కదా! ఒక్క మ్యాచ్ నిషేధం తప్పనిసరి చేసి, కావాలని చేశారని తేలితే ఇంకా పెంచాలి. చిన్న పోటీల్లో రుజువెలా అంటారా? ఇవాళ ప్రేక్షకుల్లో సెల్‌ఫోన్ లేనిదెవరికి?

2010లో ఆసియా క్రీడల్లో ఆడవాళ్ల కబడ్డీ మొదలైంది. ఆ ఏడూ, 2014లోనూ, మళ్లీ 2023లో హాంగ్‌ఝౌలోనూ స్వర్ణం మనదే. అంతదాకా వెళ్లాల్సిన పిల్లలు స్కూలు గ్రౌండులోనే ఆగిపోకూడదు. సంక్రాంతి పోటీలు పెట్టే పెద్దలు, పి.ఇ.టి. మాస్టార్లు ఈ ఒక్క నిబంధన ముందే రాసి పెట్టాలి. పిల్లను పంపేముందు "ఈ రూలు ఉందాండీ?" అని అమ్మలం మనమూ అడగాలి. నలుగురు అడిగితే అదే వస్తుంది.